మూడో పట్టీ

అత్తగారు మూడో పట్టీల కట్టని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసి ఇవాళ్టికి ఆరో రోజు. తాళంచెవి ఆవిడ మెడలో గొలుసుకి వేలాడుతోంది. ఆ గొలుసుని ఆవిడ స్నానానికి కూడా తియ్యడం లేదు.

కింద కార్ఖానాలో మూడు వందల గ్లోబులు బల్లల మీద బారులు తీరి కూర్చున్నాయి. ఒక్కో అట్ట గుండుకి పన్నెండు కాగితపు పట్టీలు అతికిస్తే భూగోళం పూర్తవుతుంది. పదకొండు అతికాయి. మూడోది ఉండాల్సిన చోట పైనుంచి కింది దాకా తెల్ల సుద్ద పూత కనబడుతోంది. ఎవరో పుచ్చకాయలోంచి ఒక్క బద్ద కోసుకుపోయినట్టుంది.

ఎల్లుండి సాయంత్రానికి వాటిని స్కూళ్ళ ఆఫీసుకి అప్పగించాలి. యుద్ధం పుణ్యమా అని నాలుగేళ్ళు మూతపడ్డ బళ్ళు మళ్ళీ తెరిచారు. కొత్త గీతలు, కొత్త రంగులు ఉన్న గ్లోబులు కావాలన్నారు. పట్టీలు ప్రభుత్వ అచ్చాఫీసు నుంచి లెక్కగా వచ్చాయి, ఒక్కటి కూడా ఎక్కువ లేదు. గడువు దాటితే పని రబ్బరు బంతుల ఫ్యాక్టరీకి పోతుంది.

"బంతి మీద దేశాలు అచ్చేస్తారట. పాఠం అయిపోగానే పిల్లలు ప్రపంచాన్ని కాలితో తన్నుకుంటూ ఇంటికి పోవచ్చు," అంటారు మామగారు. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన మీసం వణుకుతుంది. వీధిలో అందరూ ఆయన్ని భూగోళంగారనే పిలుస్తారు. ఆయనా అలాగే పలుకుతారు.

చిన్నకోడలికి మాత్రం గ్లోబుల బెంగ రెండోది. మొదటి బెంగ మడత పెట్టిన ఉత్తరంగా ఆమె జేబులో ఉంది. యుద్ధానికి పటాలు గీయడానికి వెళ్ళి, యుద్ధం అయ్యాక సరిహద్దు కమిషన్ చేతిలో చిక్కుకున్న భర్త రాసింది. "గురువారం వస్తున్నాను. అమ్మ నాతో మాట్లాడితే ఉండిపోతాను. మాట్లాడకపోతే సరిహద్దు దగ్గర రెండేళ్ళ ఉద్యోగం ఇస్తామంటున్నారు, సరేనని చెప్పి శుక్రవారం పొద్దున్నే రైలెక్కేస్తాను. అమ్మ మూతి ముడుచుకుని తిరిగే ఇంట్లో నేను ఉండలేను. ఈ సంగతి అమ్మకి చెప్పకు. బెదిరించినట్టుంటుంది."

ఇవాళ గురువారం. నాలుగేళ్ళు ఎదురుచూసిన మనిషికి ఒక్క పూట గడువు పెట్టడం ఏం న్యాయమో ఆమెకి అర్థం కాలేదు. ఇద్దరి మీదా సమానంగా కోపం వచ్చింది.

"ఇంకొక్క కారణం చెప్పండర్రా," అన్నారు మామగారు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని.

స్కూళ్ళ ఆఫీసు వాళ్ళు గ్లోబుతో పాటు ఒక కాగితం కూడా అడిగారు. ఒక పక్క యుద్ధానికి కారణాలు, రెండో పక్క ఫలితాలు. పక్కకి పది. పదికి తగ్గకూడదు, కాగితం దాటకూడదు. అన్ని దేశాలు కలిసి నాలుగేళ్ళు చేసిన నిర్వాకాన్ని ఒక్క కాగితంలో సర్దమన్న మహానుభావుడెవరో గానీ, మామగారు వారం రోజులుగా పెన్సిలు కొరుకుతున్నారు.

"గోధుమల ఓడ రాశావా నాన్నా?" అడిగారు బావగారు. చిన్నకోడలి భర్తకి అన్న. స్టాండ్లు, వార్నిష్ ఆయన పని.

"మొదటిదే అది. జలసంధిలో ఓడని ఆపడం."

"ఆపినందుకు ఇవతలి వాళ్ళు అలగడం?"

"రెండు."

"అలిగినవాళ్ళకి ఎప్పుడో మాటిచ్చామని ఇంకో నలుగురు దిగడం?"

"మూడు నుంచి ఆరు దాకా అదే. దేశానికి ఒకటి చొప్పున ఇచ్చాను."

"పదోది నేను చెప్తా రాసుకోండి మామయ్యా," అంది తోడికోడలు, పిండి జిగురు కలుపుతూనే. "ఆ పెద్ద పెద్ద వాళ్ళకెవరికీ ఇంట్లో పని చెప్పేవాళ్ళు లేకపోవడం."

"అది పిల్లలకి చెప్పేది కాదమ్మా."

"పిల్లలకే చెప్పాలి. పెద్దయ్యాక చెప్తే ఎవరు వింటారు?"

బావగారు నవ్వబోయి, భార్య చేతిలో జిగురు గరిటె చూసి, వార్నిష్ డబ్బాలోకి తల దూర్చారు.

"ఫలితాలు ఎన్ని అయ్యాయి మామయ్యా?" అడిగింది చిన్నకోడలు.

మామగారు కాగితం తిప్పి చూపించారు. ఒక్కటే ఉంది. పటాలు మారుట. దాని కింద తొమ్మిది అంకెలు ఖాళీగా నిలబడి ఉన్నాయి.

"రాయలేక కాదు. మన వీధిలోంచే రాయాల్సినవి పది దాటిపోతాయి," అన్నారాయన.

ఎదురింటి పుస్తకాల బైండింగ్ ఆయన దుకాణం తలుపు సగమే తీసి ఉంది. ఆయన కొడుకులిద్దరూ తిరిగి రాలేదు. ముందుగా తేరుకున్నది తోడికోడలే.

"జిగురు గట్టిపడిపోతోంది. ఇది మూడో గిన్నె. అత్తయ్యని ఎవరైనా ఇంకోసారి అడుగుతారా, లేక దీంతో గోడలకి పూత వేసుకోమంటారా?"

అందరూ చిన్నకోడలి వైపు చూశారు. ఆరు రోజులుగా రాయబారాలన్నీ ఆమెవే. మెట్లు ఎక్కీ దిగీ ఆమెకి తల ప్రాణం తోకకొచ్చింది.

*

అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని మేజోడు కుడుతోంది. చాలా పెద్ద మేజోడు. ఆ ఇంట్లో అంత పాదం ఒక్కరిదే.

"తాళం కోసమైతే మెట్లు దిగు. టీ కోసమైతే కూర్చో."

"టీ కోసమే అత్తయ్యా."

"అబద్ధం."

"సగమే," అని కూర్చుంది చిన్నకోడలు. "ఆ మేజోడు ఎవరిది?"

"ఎవరిదో. పాతగుడ్డల్లో దొరికింది. ఊరికే కూర్చోవడం ఎందుకని." అత్తగారు మేజోడుని ఒళ్ళో దాచుకుని ఒక ఉత్తరం ముందుకి తోసింది. "మా అన్నయ్య రాశాడు. పైకి చదువు."

చిన్నకోడలు చదివింది. "చెల్లెమ్మా, నిన్ను చూసిపోదామని పర్మిట్ ఆఫీసుకి వెళ్ళాను. రాకకు కారణం అన్న గడిలో, చెల్లెలిని చూడ్డానికి, అని రాశాను. గుమాస్తా కొట్టేశాడు. వ్యాపారం, వైద్యం, మరణం, ఈ మూడే చెల్లుతాయట. నాకు వ్యాపారం లేదు, ఒళ్ళు బాగానే ఉంది, మూడోదానికి ఇంకా టైముందని చెప్పి వచ్చేశాను. ఊరి వెనక పొలాల్లో కంచె వేశారు. ఏటికి ఇవతల ఉన్న మనం అవతలి దేశం వాళ్ళం ఎలా అయ్యామో ఇక్కడ ఎవరికీ అంతుపట్టడం లేదు."

అత్తగారి పెదవి చివర నవ్వు మెదిలింది గానీ, వెంటనే దాన్ని లోపలికి లాక్కుంది.

"నవ్వొచ్చే సంగతే. నాకు మాత్రం రావడం లేదు," అంది.

పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆవిడ పుట్టింటి మీద బెంగతో తిండి మానేసిందట. అప్పుడు మామగారు ఆవిడని కార్ఖానాలోకి తీసుకెళ్ళి మూడో పట్టీ చేతికిచ్చారు. "నీ ఊరు ఇందులో ఉంది. ఏటి ఒడ్డున ఈ చుక్క. ఇకనుంచి ఇది నువ్వే అతికించు. రోజూ పుట్టింటికి వెళ్ళొచ్చినట్టుంటుంది." అప్పట్నుంచి నలభై ఒక్క ఏళ్ళుగా ఆ కార్ఖానాలో మూడో పట్టీని ఇంకొకరు ముట్టుకోలేదు. ఆవిడకి జ్వరమొస్తే గ్లోబులు ఆగాయి గానీ పద్ధతి తప్పలేదు. పట్టీని పైనుంచి కిందికి వత్తుకుంటూ వచ్చి, ఆ చుక్క దగ్గర బొటనవేలు ఒక్క క్షణం ఆపి, మళ్ళీ కిందికి వెళ్తుందావిడ. చిన్నకోడలికి ఆ ఆగడం చూస్తే ముద్దొచ్చేది.

"మొన్నటిదాకా మా ఊరు పసుపు. ఇప్పుడు ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చని నా చేత్తో నేనే అంటించుకోనా? పోనీ ఎవడో గీశాడంటే సరే. గీసినవాడు నా కడుపున పుట్టినవాడు."

"ఆయన వస్తున్నారు కదా అత్తయ్యా. ఒక్క మాట మాట్లాడండి. తిట్టినా సరే."

"తిట్టడం కూడా మాట్లాడ్డమే," అంది అత్తగారు సూదిలో దారం ఎక్కిస్తూ.

చిన్నకోడలి చెయ్యి జేబులోని ఉత్తరం మీదికి వెళ్ళింది. చెప్పెయ్యాలని నాలుక దాకా వచ్చింది. చెప్పొద్దని రాసినవాడి మాట దాటలేక, టీ అయినా తాగకుండా లేచి కిందికి వచ్చేసింది.

*

అతను వచ్చేసరికి ఆమె చేతులు మోచేతుల దాకా జిగురులో ఉన్నాయి.

ఎండిపోయిన పట్టీ అంచులకి మళ్ళీ జిగురు పూస్తోంది. తలుపు చప్పుడైంది. స్కూళ్ళ ఆఫీసు మనిషేమోనని తలెత్తి చూస్తే, పటాల గొట్టం చంకలో పెట్టుకుని, ఒక పాత కోటులో అతను నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. ఎవరు సలహా ఇచ్చారో గానీ గడ్డం పెంచాడు. అది అతనికి బొత్తిగా నప్పలేదు.

"జిగురు," అంది ఆమె చేతులు పైకెత్తి. నాలుగేళ్ళుగా కూడబెట్టుకున్న మాటల్లో ముందుగా నోటికొచ్చింది అదే.

"ఉండనీ."

"కోటుకి అంటుకుంటుంది."

"అంటుకోనీ," అన్నాడు అతను.

మామగారికి ఉన్నట్టుండి గోడ మీద క్యాలెండరు చూడాలనిపించింది. బావగారు కూడా దాన్నే చూడ్డానికి వెళ్ళారు. తోడికోడలు మాత్రం గరిటె పట్టుకుని, ఎటూ తిరక్కుండా, కళ్ళనిండా చూసి, ముక్కు తుడుచుకుంది.

కోటు వెనక రెండు తెల్లటి చేతి గుర్తులు పడ్డాయి. అతను వాటిని తుడవనివ్వలేదు.

"అమ్మ?" అన్నాడు చివరికి.

చిన్నకోడలు పైకి చూసింది. మెట్ల పైన అత్తగారు నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచో ఎవరికీ తెలీదు. కొడుకు తలెత్తగానే ఆవిడ గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. లోపల్నుంచి కంచాల చప్పుడు వినిపించింది. లెక్కపెడితే ఆరు కంచాలు.

*

భోజనాల బల్ల దగ్గర అత్తగారు అందరికీ వడ్డించింది. కొడుకు కంచంలో అందరికన్నా ఎక్కువే వేసింది. వేస్తున్నంతసేపూ గోడ వైపే చూసింది.

"అమ్మాయ్, ఆ వచ్చినాయన్ని తినమను," అంది చిన్నకోడలితో.

"ఏమండీ, తినమంటున్నారు."

"తింటున్నానని చెప్పు."

"తింటున్నారట అత్తయ్యా."

"అంత చిక్కిపోయాడేమని అడుగు."

"వినబడిందమ్మా," అన్నాడు అతను.

"నాకేం వినబడలేదు," అంది అత్తగారు చిన్నకోడలితో. "నువ్వు అడిగి, నువ్వు చెప్తేనే నాకు వినబడుతుంది."

నీళ్ళు తాగుతున్న తోడికోడలికి పొలమారింది. బావగారు ఆమె వీపు తట్టారు. ఆయన భుజాలు కూడా అనుమానంగా కదులుతున్నాయి.

"ఆ గీత గీసేటప్పుడు అది ఎవరి ఊరో తెలుసేమో అడుగు."

"తెలుసా అండీ?"

"తెలుసు."

"తెలిసే గీశావా?" అనేసి అత్తగారు నాలుక కరుచుకుంది. "గీశాడా అని అడుగు."

అతను రొట్టె ముక్క కింద పెట్టాడు. "నదే సరిహద్దని పెద్దవాళ్ళు ముందే ఒప్పుకున్నారు. పడమటి గట్టు ఊళ్ళు వాళ్ళవి, తూర్పు గట్టు ఊళ్ళు మనవి. నా పని జాబితా చూసి రంగు వెయ్యడం. జాబితాలో అమ్మ వాళ్ళ ఊరు పడమట ఉంది."

"మా ఊరు తూర్పు గట్టున కదా ఉంది," అంది అత్తగారు, ఎవరితోనూ కాకుండా.

"అదే చెప్పాను. మామయ్య వాళ్ళ మెట్ల మీంచి ఏట్లో దూకేవాణ్ణి, ఏటికి అవతల పొద్దు గుంకేది, నేను కళ్ళారా చూశాను అన్నాను. ఈత కొట్టడం రుజువు కాదన్నారు. పటం చూపించమన్నారు."

"చూపించొద్దూ?" అన్నారు మామగారు. పటాల మాట వచ్చేసరికి ఆయన ఒంటికాలి మీద లేచారు. "ఏదో ఒక పటంలో సరిగ్గా ఉండదా? అంత చేతకానివాళ్ళా పటాలు గీసేవాళ్ళు?"

"పదకొండు పటాలు తెప్పించారు నాన్నా. అన్నిట్లోనూ ఊరు పడమటే ఉంది."

"పదకొండింట్లోనా?"

"అన్నీ ఒక్క పటాన్ని చూసి గీసినవే. నలభై ఏళ్ళ కిందటిది."

"ఎవడిదా పటం?"

అతను కాళ్ళ దగ్గరున్న పటాల గొట్టాన్ని పాదంతో మెల్లగా కుర్చీ కిందికి నెట్టాడు. చిన్నకోడలు అది చూసింది. మామగారు కూడా చూశారు.

"ఎవడిదని అడుగుతుంటే?"

"పోనీ నాన్నా. ఎవరిదైతే ఏం. తినండి."

మామగారు తినలేదు. కళ్ళజోడు తీసి తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు. ఆయన ముఖంలో రంగు అంచెలంచెలుగా దిగిపోవడం అందరూ చూశారు.

"నలభై ఏళ్ళు కాదు. నలభై ఒకటి," అన్నారు చివరికి. "అది నా పటమే."

తోడికోడలు నీళ్ళ గ్లాసు ఆయన ముందుకి జరిపింది.

"ఏమే," అన్నారాయన భార్యతో. ఆ గొంతు కోడళ్ళిద్దరూ ఎప్పుడూ విననిది. "నువ్వు వచ్చిన కొత్తల్లో. నీకు ఆ పట్టీ ఇస్తానన్నాను గుర్తుందా. ఇచ్చే ముందు రోజు చూసుకుంటే, నీ ఊరు మూడో పట్టీకీ నాలుగో పట్టీకీ మధ్య అతుకు మీద పడి ఉంది. ఎలా అతికించినా చుక్క రెండు ముక్కలయ్యేది. అలా చిరిగిన చుక్క నీ చేతికెలా ఇవ్వను? రాత్రికి రాత్రి రాగిరేకు మీద ఆ చుక్క చెరిపేసి, నూలుపోగంత పడమటికి జరిపి చెక్కాను. పట్టీ లోపలికి వచ్చింది. చుక్క ఏరు దాటిపోయిందని చూసుకోలేదు."

ఆయన కళ్ళజోడు మడిచి బల్ల మీద పెట్టారు.

"చూసుకున్నా జరిపేవాణ్ణేమో," అన్నారు.

గ్లోబు మీద నూలుపోగంటే నేల మీద ఎన్ని మైళ్ళో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మామగారి గ్లోబు చూసి ఒకడు గోడపటం గీశాడు, గోడపటం చూసి ఇంకొకడు పుస్తకం వేశాడు, పుస్తకం చూసి కమిషన్ దొరలు నదికి ఏ ఊరు ఏ పక్కనో జాబితా రాశారు. ఒక కుర్రవాడు కొత్త పెళ్ళాం కళ్ళల్లో నీళ్ళు చూడలేక చేసిన పని, నలభై ఒక్క ఏళ్ళు తిరిగి తిరిగి, ఒక ఊరికి ఊరినే ఏరు దాటించింది.

"అయితే," అంది తోడికోడలు నెమ్మదిగా, వేళ్ళ మీద లెక్క వేస్తున్నట్టు. "ఇన్నేళ్ళూ అత్తయ్య ఊరిని అత్తయ్యే రోజూ ఏటికి అవతల అతికించారన్నమాట."

బావగారు ఆమె కాలు తొక్కారు. కానీ ఆ మాట అప్పటికే బల్ల చివరిదాకా వెళ్ళిపోయింది. అత్తగారు తన కుడి బొటనవేలు వైపు చూసుకుంది.

చిన్నకోడలు భర్త వైపు తిరిగింది. ఇప్పుడు అర్థమైంది ఆమెకి. పదకొండు పటాల అడుగునా అసలు ఎవరి పటం చూసి గీశారో ఆ పేరు అచ్చయి ఉంటుంది. అది తప్పు పటమని అక్కడ గట్టిగా అనాలంటే, తండ్రిదే తప్పని చెప్పాలి. చెప్పలేక, నోరు మూసుకుని, గీత గీశాడు. ఇంటికొచ్చి నేరం తన నెత్తిన వేసుకుని, రెండేళ్ళు ఎక్కడికో పోదామనుకున్నాడు. ఆమెకి అతని మీద ప్రేమ, చిరాకు రెండూ ఒకేసారి పొంగుకొచ్చాయి. చిరాకే కాస్త ఎక్కువ.

"ఇది నాకైనా రాయొచ్చు కదా," అంది. ఇది ఎవరి తరఫునా అడిగింది కాదు.

"ఉత్తరాలు కమిషన్ వాళ్ళు చదువుతారు."

"మరి ఇప్పుడేం చెయ్యడం? ఊరికే చెప్పిపోదామని వచ్చారా?"

"కాదు." అతను తండ్రి వైపు చూసి, చూపు దించుకున్నాడు. "గీత మీద అభ్యంతరం పెట్టుకోవడానికి నలభై రోజులు గడువిచ్చారు. రేపు సాయంత్రంతో అయిపోతుంది. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళు ఎవరైనా పెట్టొచ్చు, ఇక్కడి కమిషన్ ఆఫీసులోనే. కానీ నోటీసు ఆఫీసు లోపలి గోడకి అంటించారు. ఆ ఊరివాళ్ళు లోపలికి రావాలంటే పర్మిట్ కావాలి. అందుకని ఆ ఊళ్ళో ఎవరికీ తెలియలేదు."

"పెడితే గీత మారుతుందా?" అడిగారు బావగారు.

"ఉట్టి అభ్యంతరం పెడితే మారదు. పటం గీసినవాళ్ళు, చుక్క జరిపింది నేనే, అది తప్పు, అని రాసి సంతకం పెడితే మారుతుంది. అది ఒక్కటే రుజువు. అభ్యంతరం అందిన రోజు నుంచీ ఆ ముక్క పటం చెల్లదు. తీర్పు వచ్చేదాకా ఆ కొత్త పటంతో ఏదీ అమ్మకూడదు."

అందరి కళ్ళూ గచ్చు వైపు తిరిగాయి. దాని కింద మూడు వందల గ్లోబులున్నాయి.

"అంటే ఎల్లుండి ఇవ్వక్కర్లేదన్నమాట," అన్నారు మామగారు పొడిగా. "రబ్బరు బంతులే ఇస్తారు. పైగా నలభై ఒక్క ఏళ్ళుగా తప్పు భూగోళం అమ్మానని నా చేత్తో నేనే రాసివ్వాలి. ఆ తర్వాత ఈ కార్ఖానా గ్లోబు కొనేదెవరు? భూగోళంగారని పిలిచే ఈ వీధి నన్నేమని పిలుస్తుంది?"

ఆయన అడిగింది నిజమే. చిన్నకోడలికి ఆయన మీద జాలేసింది. చెయ్యి చాచి పట్టుకుందామనిపించింది.

అత్తగారు లేచింది. కొడుకు కంచంలో ఇంకో రొట్టె వేసింది. ఈసారి గోడ వైపు చూడలేదు, కంచంలోకే చూసి వేసింది.

"అమ్మాయ్, కాగితం తీసుకో. నీ రాత బాగుంటుంది," అంది చిన్నకోడలితో. "ఫలానా ఊళ్ళో, ఏటికి తూర్పున, మెట్లున్న ఇంట్లో పుట్టిన ఆడమనిషిని నేను. అలా మొదలుపెట్టు."

చిన్నకోడలు చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. ఎంత తోమినా గోళ్ళ సందుల్లో జిగురు పోలేదు. కలం తీసి, చెప్పినట్టే రాసింది. అత్తగారు ఆగకుండా చెప్పింది. ఏ మెట్టు విరిగిందో, పొద్దు ఏ ఇంటి కప్పు మీద పొడిచేదో, ఏ వైపు మునిగేదో. పక్కన అతను తినడం మానేసి వింటున్నాడు. కాగితం నిండేసరికి అడుగున రెండు సంతకాలకి చోటు మిగిలింది. అత్తగారు కలం తీసుకుని, ఒకదాంట్లో కొక్కిరిబిక్కిరిగా సంతకం పెట్టింది.

"ఏమే," అన్నారు మామగారు. "నన్ను కాస్త ఆలోచించుకోనీ. కార్ఖానా సంగతి నీకూ తెలుసు కదా."

అత్తగారు ఆయన వైపు తిరగలేదు. ఆ కుర్చీలో అసలు ఎవరూ లేనట్టే ఉంది ఆవిడ ముఖం.

"ఏమే, నిన్నే."

కాగితం ఆరబెడుతున్నట్టు మెల్లగా ఊదింది ఆవిడ. చిన్నకోడలు అలవాటు చొప్పున ఆవిడ వైపు చెవి ఒగ్గింది, ఇటు మాట అటు చేరవెయ్యడానికి సిద్ధంగా. కానీ అత్తగారు ఆమెని దాటి వెళ్ళి, కొడుకు భుజం మీద చెయ్యి వేసింది.

"నాన్నా," అంది. "ఆ పెద్దాయన సంతకం పెడతారో లేదో కాస్త అడిగి చెప్పు."